ముప్పై ఒక్క ఏళ్ల క్లరికల్ సేవ

విశాఖపట్నం పాత పోస్టాఫీసు దగ్గర ఒక హైస్కూల్లో నేను ఇరవై ఎనిమిదేళ్లు ఇంగ్లీషు చెప్పాను. రిటైరయ్యాక కూడా ఆ వీధుల్లో ఎవరికి ఇంగ్లీషులో అర్జీ కావాలన్నా మా ఇంటికే వచ్చేవారు. "సూర్యకళ మేడమ్ రాస్తే తిరుగుండదు" అనేవారు. ఆ మాట నా తలకు బాగానే ఎక్కింది.

జిలానీ బాషాగారు మా వెనక సందులోని చిన్న మసీదుకు ఇమాము. ఆయన కూతురు ఖుష్నుమా నా దగ్గరే చదువుకుంది. రేవుకొచ్చిన ఓడల్లో ముస్లిం నావికుడెవరైనా జబ్బుపడి ఆసుపత్రిలో చేరాడని తెలిస్తే ఈయన వెళ్లి మంచం పక్కన కూర్చునేవారు. ఇండోనేషియా వాళ్లు, బంగ్లాదేశ్ వాళ్లు. వాళ్ల భాష ఈయనకు రాదు. ఖురాన్‌లోని నాలుగు వాక్యాలు చదివితే చాలు, వాళ్ల ముఖం తేటపడుతుందని చెప్పేవారు.

రెండేళ్ల కిందట నావికుల సంక్షేమ సంఘం వాళ్లు ఒక ప్రకటన ఇచ్చారు. జబ్బుపడ్డ నావికులను పలకరించడానికి ఒక్కో మతం నుంచి ఒక్కొక్కరిని తీసుకుంటారట. ఇక మీదట వాళ్లిచ్చే పాసు ఉన్నవారినే వార్డులోకి రానిస్తారట. దరఖాస్తు ఇంగ్లీషులో ఉండాలి. బాషాగారు కాగితం పట్టుకుని వచ్చారు.

"ఉన్నది ఉన్నట్టు రాసేయండి మేడమ్. నమాజు సదివిత్తాను, రోగం వచ్చినోళ్ల కాడ కూకుంటాను. అంతే."

"అలా రాస్తే ఐదో క్లాసు పిల్లాడి ఇంగ్లీషులా ఉంటుంది. నాకు వదిలేయండి" అన్నాను.

ఆయన పనికి తగిన విశేషణం కోసం ఆ సాయంత్రమంతా నిఘంటువు ముందేసుకుని కూర్చున్నాను. 'ప్రీస్ట్లీ' అంటే పూజారి గుర్తుకొస్తాడు. మాలో పూజారులు ఉండరని ఆయనే ఒకసారి చెప్పారు. 'పాస్టోరల్' అంటే చర్చి వాసన. చివరికి 'క్లరికల్' దొరికింది. మతాచార్యులకు సంబంధించిన అని అర్థం. ఆ కిందే గుమాస్తా పనికి సంబంధించిన అని ఇంకో అర్థం కూడా ఉంది. చూశాను. చూసి కూడా, ఇంగ్లీషు తెలిసినవాళ్లు ఆ మాత్రం పోల్చుకోలేరా అనుకున్నాను. 'ఒక ధార్మిక సంస్థలో ముప్పై ఒక్క ఏళ్ల క్లరికల్ సేవ' అని రాశాను. పేరు ముందు ఇమామ్ అని పెట్టబోతే ఆయనే వద్దన్నారు, గొప్పలు చెప్పుకున్నట్టు ఉంటుందని. వాక్యం చదివి వినిపిస్తే అర్థం కాకపోయినా తల ఊపారు.

మూడు వారాలకు పిలుపు వచ్చింది. ఇస్త్రీ చేసిన తెల్ల కుర్తా వేసుకుని వెళ్లారు. మధ్యాహ్నం సందు మొదట్లో ఎదురైతే ఎలా జరిగిందని అడిగాను.

"అయింది మేడమ్. సూత్తామన్నారు" అని, అజాన్ వేళయిందంటూ వెళ్లిపోయారు. ఆ వేళకి ఇంకా అరగంట ఉంది.

తర్వాత రెండు నెలలు ఆయన మా ఇంటి వైపు రాలేదు. ఒకరోజు చేపల బజారులో దొరబాబు కనిపించాడు. నా పాత విద్యార్థి, ఆ సంఘం ఆఫీసులో అటెండరు. బాషాగారి సంగతి అడిగితే కాసేపు నసిగాడు.

"ఆయన్ని కంప్యూటర్ ముందు కూకోబెట్టినారు మేడమ్. పేజీడు టైపు సెయ్యమన్నారు. పెద్దాయన ఒక్కో అచ్చరం ఎతుక్కుంటా అరగంట కూకున్నాడు. ఆయన పేరొక్కటే వచ్చింది. ముప్పై ఒక్క ఏళ్లు సేసి టైపు రాదా అని మా మేనేజరు అడిగినాడు. మర్సిపోయాను బాబూ, సెమించండి అన్నాడు."

"టైపు ఎందుకు చేయించారు?"

"క్లరికల్ అని ఉంది కదా మేడమ్. అప్పుడే ఆఫీసులో గుమాస్తా పోస్టు కూడా ఉంది. ఆ కట్టలో ఎట్టేసినారు."

సంచీ అక్కడే పెట్టేసి ఆటో ఎక్కాను. మేనేజరు మర్యాదగానే కూర్చోబెట్టాడు. చెప్పిందంతా విన్నాడు. "ఆ స్థానంలో పోయిన వారమే గాజువాక నుంచి ఒకాయన్ని తీసుకున్నామండీ. ఇమామ్ అని ఒక్క ముక్క రాసి ఉంటే సరిపోయేది" అన్నాడు.

అక్కణ్నుంచి నేరుగా మసీదుకు వెళ్లాను. బాషాగారు మెట్ల మీద కూర్చుని చెప్పులు కుట్టించుకుంటున్నారు. కుట్టేవాడు వెళ్లేదాకా ఆగి, తప్పు నాదేనని చెప్పాను.

"నాకు తెల్సు మేడమ్. క్లరికల్ అంటే గుమాస్తా పని అని అక్కడే సెప్పినారు."

"మరి నేను ఇమాముని అని అప్పుడే ఎందుకు చెప్పలేదు?"

ఆయన కుట్టిన చెప్పును తిప్పి చూసుకున్నారు. "సెప్తే ఈ కాగితం రాసిందెవరని అడుగుతారు. మా ఖుష్నుమాకి ఇంగ్లీషు నేర్పిన మడిసి తప్పు రాసిందని ఆళ్ల ముందు నానెలా అంటాను? అందుకే కూకుని టైపు సేశాను."

ఆ రెండో అర్థం నేను చూశానని ఆయనకు చెప్పాల్సింది. ఇప్పటికీ చెప్పలేదు.

మొన్న రంజాన్ నెలలో దొరబాబు ఆయనకు ఫోన్ చేశాడు. ఇండోనేషియా నావికుడొకడు చావుబతుకుల్లో ఉన్నాడు, పాసున్నాయన ఊళ్లో లేడు. బాషాగారికి ఒంట్లో బాగాలేదని తోడుగా నేనూ వెళ్లాను. ఆసుపత్రి గేటు దగ్గర కాపలావాడు పాసు లేదని ఆపేశాడు. నేను బతిమాలాను, ఈయన ఎవరో తెలుగులో చెప్పాను, ఇంగ్లీషులో చెప్పాను. రూలు మేడమ్ అన్నాడు.

బాషాగారు నన్ను ఆపారు. రోడ్డు దాటి, ఎదుటి మందుల షాపు నీడలో నిలబడి, పై అంతస్తు కిటికీల వైపు చేతులు చాచి చదవడం మొదలుపెట్టారు. ఎండ మండిపోతోంది, బస్సుల మోతలో ఆయన గొంతు పక్కనున్న నాకే సరిగ్గా వినపడటం లేదు. ఏ కిటికీ వెనక ఆ కుర్రాడున్నాడో మాకు తెలియదు. ఆయన చదవడం అయ్యేదాకా నేను కొంగు నెత్తిన కప్పుకుని పక్కనే నిలబడ్డాను.