కొట్టామె ఇంటికి పట్టుకెళ్ళే సీసా

శుక్రవారం సాయంత్రం ఒక్క గ్లాసు వైను. అంతే. దానికోసం ఆ కోడలు పడ్డ పాట్లు పగవాళ్ళకి కూడా వద్దు.

వారమంతా ల్యాబులో కూర్చుని ఊళ్ళోవాళ్ళకి కట్టుడు పళ్ళు తయారుచేస్తుంది. మైనంలో ఒక్కో పన్నూ నిలబెట్టి, చిగుళ్ళు చెక్కి, పైవరస కింది వరసకి సరిపోయిందో లేదో చూసి, మళ్ళీ పీకి మళ్ళీ పెట్టి, శుక్రవారం వచ్చేసరికి కళ్ళు మండిపోతాయి. ఇంటికొచ్చి కాళ్ళు చాపుకుని ఒక గ్లాసు తాగి, సీసా మూతపెట్టి, మళ్ళీ వారందాకా దాని మొహం చూడదు. ఈ పరాయి దేశం వచ్చిన కొత్తలో తోటి పనివాళ్ళు చేసిన అలవాటు. మొగుడు బస్సు డిపోలో బ్రేకులు బాగుచేస్తాడు. అతనికి దీని మీద అభ్యంతరమూ లేదు, ఆసక్తీ లేదు.

అత్తగారు దిగాక కథ మారింది. మామగారు పోయిన తర్వాత ఆవిడ ఎక్కడుండాలన్నది ఇంకా తేలలేదు. పెద్దకొడుకు ఇంట్లోనా, ఇక్కడ చిన్నకొడుకు దగ్గరా? "ఈ చలికాలం ఉండి చూస్తాను. మీ పద్ధతులు నాకు పడితే ఉంటాను, లేదంటే పెద్దాడి దగ్గరికి పోతాను" అని వచ్చిన రోజే చెప్పులు విప్పుతూ చెప్పేసింది. చలికాలం అయిపోవచ్చింది. పెద్దకొడుకు శనివారం సాయంత్రం ఫోన్ చేస్తానని, ఏ సంగతీ అప్పుడు చెప్పమని అన్నాడు.

కోడలికి మాత్రం ఆవిడ ఉండాలి. పైకి చెప్పడానికి సిగ్గుపడింది కానీ లోపల గట్టిగా కోరుకుంది. ఆమెకి ఊహ తెలిసేసరికే తల్లి లేదు. పనినుంచి ఇంటికొస్తే "మధ్యాహ్నం ఏం తిన్నావే? అబద్ధం చెప్పకు" అని గదమాయించిన మొదటి మనిషి ఈ అత్తగారే. ఆ గదమాయింపు లేని ఇంటికి మళ్ళీ తాళం తీసుకుని రావాలంటే ఆమెకి ప్రాణం ఉసూరుమనేది.

మరి అలాంటి అత్తగారి కంట సీసా పడితే? ఇంకేముంది, పెట్టె సర్దేస్తుంది. అందుకే దాచింది.

దాచడం సరే, కొనడం ఇంకో ఖర్మ. సూపర్ మార్కెట్‌లో ఆ వరస దగ్గరికి రాగానే తేలు కుట్టిన దొంగలా అటూ ఇటూ చూసి, చేతికందిన సీసా లాక్కుని, పాలకూర కట్టల కింద దూర్చి, గబగబా డబ్బు కట్టి వచ్చేసేది. ఏ ద్రాక్షో, ఏ ఏటిదో, ఎలా ఉంటుందో చదివే తీరిక ఎక్కడిది? ఇంటికొచ్చి తాగితే నాలిక చుట్టచుట్టుకునేది. వారం వారం మొహం చిట్లించుకుని మరీ తాగేది. మానేయొచ్చు కదా అంటే, అదిగో, ఆ మాట అనడానికి మనకి బానే ఉంటుంది.

సీసా ఉండే చోటు చెత్త పీల్చే మిషను అట్టపెట్టె. అత్తగారికి ఆ మిషనంటే గిట్టదు, చీపురే వాడుతుంది. కోడలు తన తెలివికి తనే మురిసిపోయింది. చీపురన్నాక ఏదో ఒకరోజు విరుగుతుందని మాత్రం తట్టలేదు.

సరిగ్గా పెద్దకొడుకు ఫోన్ చేయాల్సిన రోజుకి ముందురోజు, శుక్రవారం విరిగింది.

సాయంత్రం కోడలు వచ్చేసరికి అత్తగారు భోజనాల బల్ల దగ్గర కూర్చుని ఉంది. ఎదురుగా సీసా. పక్కన స్టీలు గ్లాసు. మధ్యాహ్నం ఏం తిన్నావని కూడా అడగలేదు.

"ఇదేమిటే?"

ఇంతలో మొగుడు తాళం తిప్పుకుని లోపలికొచ్చాడు. బల్ల మీద సీసా చూశాడు, తల్లి మొహం చూశాడు, పెళ్ళాం మొహం చూశాడు. డిపోలో పదిమందిని హడలగొట్టే మనిషే కానీ తల్లి ముందు పిల్లి. అయినా ఏమాటకామాట చెప్పుకోవాలి, ఆ పూట పౌరుషం చూపించాడు.

"అది నాదమ్మా."

"నోర్ముయ్. సోడా తాగితేనే ఎక్కిళ్ళు వస్తాయి నీకు." కొడుకుని అక్కడితో తీసిపారేసి అత్తగారు మళ్ళీ కోడలివైపు తిరిగింది. "ఏమిటో ఏమో అని ఒక్క చుక్క నాలిక మీద వేసుకున్నాను. అబ్బబ్బ, ఏం పులుపే తల్లీ! గచ్చు కడగడానికి తప్ప ఎందుకైనా పనికొస్తుందా అది? ఎంత పోశావు దీనికి?"

కోడలు నేలచూపులు చూస్తూ ధర చెప్పింది.

అత్తగారు గుండె మీద చెయ్యి వేసుకుంది. "తాగితే తాగావు, ఇంతలా మోసపోయావేమే!"

మొగుడూ పెళ్ళాలిద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. అత్తగారు లేచి సీసా తీసుకెళ్ళి సింకులో వంపేసింది. "పొద్దున్నే నాతో బయల్దేరు. ఈ ఊళ్ళో ఎన్ని కొట్లున్నాయో చూపించు" అని చెప్పి వంటకి వెళ్ళిపోయింది. ఉంటాననీ అనలేదు, పోతాననీ అనలేదు. వెళ్ళేముందు ఇల్లు చక్కబెట్టి మరీ వెళ్ళే రకం ఆవిడ. కోడలికి ఆ రాత్రి అన్నం సహించలేదు.

మర్నాడు మొదట సూపర్ మార్కెట్. కోడలు ఇన్నాళ్ళూ దొంగలా తిరిగిన వరసలోనే అత్తగారు సంతలో వంకాయలు ఏరినట్టు ఒక్కో సీసా ఎత్తి, వెలుతురుకి పెట్టి, తిప్పి, దింపింది. ఎర్రచీటీ అంటించిన సీసాల దగ్గర ఆగింది.

"ఇదేం రాశాడు?"

"సగం ధరకే అని, అత్తయ్యా."

"అమ్ముడుపోని సరుక్కే అరుపులెక్కువ. పద."

రెండోది సన్నటి వీధిలో అద్దాల తలుపుల వైను కొట్టు. లోపల చల్లగా, చీకటిగా ఉంది. గడ్డం పెంచిన కొట్టువాడు ఒక సీసాని పసిపిల్లాణ్ణి ఎత్తుకున్నట్టు ఎత్తుకుని తన్మయంగా ఏదో చెప్పుకుపోయాడు.

"ఏమంటాడు?" అంది అత్తగారు.

"ఇందులో తోలు వాసన, తడిసిన రాతి వాసన, పాత చెక్కపెట్టె వాసన వస్తాయట."

"కొట్టు కడుక్కోమను."

కోడలు దాన్ని అనువదించలేదు. గడ్డంవాడు ధర చెప్పాడు. అది అనువదించింది. అత్తగారు అతన్ని ఎగాదిగా చూసి, "పైన పటారం, లోన లొటారం" అని దీవించి బయటికి నడిచింది. అతను ఆశీర్వాదమే అనుకున్నాడో ఏమో, వంగి నమస్కారం పెట్టాడు.

మూడోది వీధి చివర ఒంటి షట్టరు కొట్టు. ఒకామె బల్ల వెనక కూర్చుని ఉంది. అత్తగారు లోపలికే వెళ్ళలేదు. ఎదురుగా బస్ స్టాప్ బెంచీ మీద కూర్చుని చీర కుచ్చిళ్ళు సర్దుకుంది.

"ఇదెన్నింటికి మూస్తారు?"

"చీకటి పడకముందే, అత్తయ్యా. ఎందుకూ?"

"కట్టేసి ఇంటికెళ్ళేటప్పుడు ఆమె సంచీలో ఏం పట్టుకెళ్తుందో చూడాలి. అమ్మేవాళ్ళు నోటితో ఏం చెప్పినా నమ్మకూడదే. ఇంటికి ఏం మోసుకెళ్తారో అదే సరుకు. మన మిఠాయి కొట్టాయన తన పిల్లలకి ఏ పళ్ళెంలోది పొట్లం కడతాడో చూసి, నేనూ అదే కట్టమనేదాన్ని. పిల్లలకి ఒక్కసారి కడుపునొప్పి రాలేదు."

ఇద్దరూ కూర్చున్నారు. బస్సులు వచ్చి ఆగాయి, వీళ్ళు ఎక్కకపోయేసరికి డ్రైవర్లు విసుక్కుని వెళ్ళిపోయారు. చలికి కోడలి ముక్కు ఎర్రబడింది. అత్తగారు తన శాలువాలో సగం ఆమె భుజం మీద కప్పింది.

"మీ మావయ్య తాగేవాడు" అంది ఉన్నట్టుండి.

కోడలు ఉలిక్కిపడింది. ఆ ముక్క ఇంట్లో ఎవరూ ఎప్పుడూ అనలేదు.

"దొడ్డిదారిన వెళ్ళి, ఎవడో అమ్మే దిక్కుమాలిన సారా తాగొచ్చేవాడు. ఆయన దాచాడు. నేను వాసన తెలియనట్టే ఉన్నాను. ఇద్దరం మహా మర్యాదస్తులం కదా! దాచుకుని తాగేవాడికి మంచి సరుకు ఎవడిస్తాడే? ఇది బాలేదని అడగడానికి నోరుండదు. వెనక్కివ్వడానికి మొహం ఉండదు. ఆ చెత్తే తాగి తాగి, లోపలంతా పుండై పోయాడు. సంచీ పట్టుకుని నేనే వెళ్ళి, 'తాగితే ఇది తాగు, ఇంతే తాగు' అని తెచ్చి ముందు పెట్టి ఉంటే ఇంకొన్నాళ్ళు ఉండేవాడేమో. తలుచుకుంటే ఇప్పటికీ కడుపు రగిలిపోతుంది." ముక్కు చీదుకుంది. "నీ పెట్టెలో సీసా చూసి నాకు కోపం వచ్చింది తాగుతున్నావని కాదు. దాచావని."

కోడలు ఏదో అనబోయింది. కానీ ఎదురుగా షట్టరు జారింది. కొట్టామె సంచీ భుజానికి తగిలించుకుంటోంది. సంచీలోంచి సీసా మెడ ఒకటి బయటికి కనిపిస్తోంది.

"లే!" అంది అత్తగారు. అంతే, కోడలు లేచేలోపు రోడ్డు దాటేసింది.

"ఆగమ్మా, ఆగు!" అని తెలుగులోనే కేకేసి సంచీ పట్టుకుంది. కొట్టామె కెవ్వుమంది. అత్తగారు వదల్లేదు. కోడలు పరుగున వచ్చి ఇద్దరి మధ్యా దూరి, ఆ దేశపు భాషలో బతిమాలింది. "దొంగలం కాదండీ! మా అత్తగారు. మీరు ఇంటికి ఏది పట్టుకెళ్తున్నారో చూడాలంటున్నారు, అంతే."

విషయం బుర్రకెక్కడానికి ఆమెకి కాస్త టైము పట్టింది. ఎక్కాక షట్టరుకి జారబడి, కళ్ళమ్మట నీళ్ళు వచ్చేలా నవ్వింది. ఇన్నేళ్ళలో నన్నెవరూ ఈ ప్రశ్న అడగలేదు అంది. యజమాని చూపించమనేవి వేరు, తాను తాగేది వేరు అని కూడా ఒప్పేసుకుంది. సీసా తీసి చూపించింది. దాని మీద చిన్నపిల్లలు గీసినట్టు వంకరటింకర కొండ బొమ్మ తప్ప ఏ ఆర్భాటమూ లేదు. ఎక్కడ పెడతారంటే, అట్టడుగు అరలో వెనకవైపు అంది. ధర అడిగితే, కోడలు ఇన్నాళ్ళూ కొన్న పులుపు సీసా కంటే తక్కువ.

కోడలికి సిగ్గూ నవ్వూ ఒకేసారి వచ్చాయి.

కొట్టామె మళ్ళీ షట్టరెత్తి రెండు సీసాలు ఇచ్చింది. రెండు కొన్నాం కాబట్టి కొసరు ఏమిస్తుందో అడుగు అని అత్తగారు కోడల్ని పొడిచింది. ఇక్కడ కొసరు అనే మాటే లేదు అత్తయ్యా అంటే, మాట లేకపోతే పోయె, వస్తువు ఇమ్మను అంది. చివరికి బిరడా తీసే మర ఒకటి పుచ్చుకునిగానీ కదల్లేదు.

ఇంటికి రాగానే అత్తగారు సీసాని అందరికీ కనిపించేలా బల్ల నడిమధ్యలో పెట్టింది. బిరడా తీయడానికి కొడుకు తంటాలు పడ్డాడు. గాజు గ్లాసు మీద వేలితో గీత చూపించి, "ఇంతవరకే" అని తనే పోసింది. కోడలు గ్లాసు అందుకుంది కానీ అత్తగారి ఎదుట తాగడానికి చెయ్యి లేవలేదు.

"తాగవే. నేనేమైనా పెళ్ళిచూపులకొచ్చానా?"

ఒక గుక్క తాగింది. మొహం చిట్లలేదు. అదే మొదటి వింత. గొంతులోకి మెత్తగా దిగింది. ఇన్నాళ్ళూ తాగింది ఏమిటో, తలుచుకుంటే తన మీద తనకే జాలేసింది.

"బాగుంది అత్తయ్యా" అంది.

"బాగుండక చస్తుందా? అమ్మేవాళ్ళు తాగేది!"

అప్పుడే ఫోన్ మోగింది. పెద్దకొడుకు. చిన్నవాడు అందరికీ వినబడేలా స్పీకర్ పెట్టాడు. కోడలికి గ్లాసు కింద పెట్టాలన్న ధ్యాసే లేదు, అలాగే పట్టుకుని నిలబడిపోయింది.

"ఏం తేల్చుకున్నావమ్మా? గది ఖాళీ చేయించాను. టికెట్టు తీయనా?"

"వద్దురా. నేనిక్కడే ఉంటాను."

"అదేంటమ్మా? అక్కడ చలి, భాష రాదు..."

"నాకు రాకపోతే ఏం, కోడలికొచ్చు. దానికే సరుకు ఎంచడం రాదు. నేను లేకపోతే ఈ ఊరి కొట్లవాళ్ళు నా పిల్లని నిలువునా ముంచేస్తారు."

"ఏం సరుకమ్మా?"

"వైనురా" అంది అత్తగారు, ఉల్లిపాయలన్నంత మామూలుగా.

ఫోన్‌లో 'వైనా?' అని కేక వినిపించింది. ఇక్కడ మొగుడికి సోడా తాగకుండానే ఎక్కిళ్ళు పట్టుకున్నాయి. 'నా పిల్ల' అన్న మాట దగ్గరే ఆగిపోయిన కోడలికి మాత్రం ఆ తర్వాతివేవీ వినబడలేదు. కళ్ళలో నీళ్ళు తిరిగి, చెంపల మీదుగా జారి, గడ్డం దాకా వచ్చాయి.

అత్తగారు ఫోన్ చేత్తో మూసి కోడలివైపు తిరిగింది.

"ముందా గ్లాసు పక్కన పెట్టి ఏడవ్వే. ఉప్పు పడితే రుచి చెడుతుంది."