కూరకి జ్వరం చూసిన రోజు

ఐసుపెట్టె మూత బిగించే ముందు ఆమె లోపల చెయ్యి పెట్టి చూసుకుంది. వేళ్లు జివ్వుమన్నాయి. చాలు. పెట్టెను భుజానికి తగిలించుకుని, పొయ్యి ఆర్పానా లేదా అని మరోసారి వంటింట్లోకి తొంగిచూసి బజారు దారి పట్టింది.

పదకొండేళ్లుగా వారానికి మూడు రోజులు ఇదే నడక. ఆహార పరీక్షశాలలో ఆమె ఉద్యోగం కోళ్లు కొనడం. మామూలు ఇల్లాలిలా కొట్టుకు వెళ్లాలి. శుభ్రం చేసి వేలాడదీసిన కోడిని మళ్లీ కడగనివ్వకుండా, ముక్కలు కొట్టించకుండా సంచిలో వేయించుకోవాలి. పరీక్షకని పొక్కనివ్వకూడదు. పరీక్షశాలలో అందరూ ఆమెను కోళ్లమ్మ అనే పిలుస్తారు.

ఆ మాంసంలోని సూక్ష్మజీవుల్ని గాజుపళ్లేల్లో పెంచి, మీద మందుబిళ్లలు పెడతారు. మందుకు లొంగితే బిళ్ల చుట్టూ ఖాళీ వలయం ఏర్పడుతుంది. లొంగకపోతే బిళ్లను ఒరుసుకుని మరీ పెరుగుతాయి. జబ్బు లేని కోళ్లకు కూడా ఫారాల్లో మందులు మేపడం వల్లే ఇవి ఇలా మొండికెత్తాయని పరీక్షలు చేసే డాక్టరమ్మ ఒకసారి చెప్పింది. వలయం లేని పళ్లేలు ఏటికేడు పెరగడం కళ్లారా చూసి, ఆమె ఇంట్లోకి కోడిమాంసం రానివ్వడం మానేసింది. పిల్ల తుమ్మితే చాలు, జ్వరం, ఆసుపత్రి, పనిచెయ్యని మందు, అన్నీ దాటుకుని ఆమె మనసు ఒక్క అంగలో చివరిదాకా పోయేది.

ఇవాళ ఉద్యోగానికి ఆఖరి రోజు. ఇవాళే కూతురు మధ్యాహ్నం భోజనానికి వస్తోంది. దానికిప్పుడు ఐదో నెల. "ఊళ్లో కోళ్లన్నీ కొన్నావు, నాకు ఒక్క ముక్క పెట్టావా? ఇప్పుడు పెట్టి తీరాలి" అంది. సరేనన్న క్షణం నుంచీ ఈమెకు కంటి మీద కునుకు లేదు.

కొట్టువాడు దూరం నుంచే చూసి పళ్లికిలించాడు.

"రా అక్కా. కడగొద్దు, కొట్టొద్దు, అంతేగా?"

"ఒకటి అలాగే ఇవ్వు. ఇంకోటి కూరముక్కలు కొట్టు తమ్ముడూ."

అతని కత్తి గాల్లోనే ఆగింది. "పదకొండేళ్లకి నా కత్తికి పని చెప్పావు. ఇన్నాళ్లూ కోడిని కోడిలాగే మింగేశారా ఏంటి మీ ఇంట్లో?"

"కూతురొస్తోంది."

"సరే, పెద్దావిడ వాటా మాత్రం పెద్దావిడదే" అంటూ అతను అలవాటుగా మెత్తని కార్జం ముక్కలు వేరే పొట్లం కట్టబోయాడు.

పెద్దావిడంటే ఆమె అత్తగారు. ఇంత కోడి ఎవరికని మొదటి రోజు అతనడిగితే, పళ్లు లేని మా అత్తగారికి ఇష్టమని నోటికొచ్చింది చెప్పింది. ఇష్టమన్న మాట నిజమే. మంచాన పడ్డాక ఆవిడ ఒక్క ముక్క వండిపెట్టమని అడిగింది కూడా. ఈమె భయపడి పప్పుకట్టు పెట్టింది. ఆవిడ చనిపోయిన వారానికి కొట్టువాడు "పెద్దావిడ ఎలా ఉంది?" అనడిగితే, నిజం చెప్పలేక బాగుందనేసింది. అప్పట్నుంచీ ఆవిడ ఆ కొట్టులో బతికే ఉంది.

"వద్దు తమ్ముడూ. పెద్దావిడ పోయింది."

అతను కత్తి దించాడు. చేతులు కడుక్కుని బల్ల ఇవతలికి వచ్చి నిలబడ్డాడు. "అయ్యో. ఎప్పుడక్కా?"

"ఎనిమిదేళ్లయింది."

"మొన్ననేగా కాళ్లనొప్పులు తగ్గాయన్నావు."

"తగ్గాయిగా మరి."

అతని మీసం అదిరింది. ఆపుకోబోయాడు, వల్ల కాలేదు. అతను నవ్వుతుంటే ఆమెకూ నవ్వు పొంగుకొచ్చింది. ఇద్దరూ కళ్లు తుడుచుకునేదాకా నవ్వారు.

"అయితే కార్జమంతా నువ్వే లాగించావన్నమాట."

"ఒట్టు, ఒక్క ముక్క ముట్టలేదు."

"ఇవాళ ముట్టు" అని పొట్లం ఆమె చేతిలో పెట్టాడు.

పరీక్షశాలలో కోడిని అప్పగించి చీటీ అంటించింది. డాక్టరమ్మ ముక్కలో గుచ్చి వేడి చూసే ఉష్ణమాపకం ఒకటి కానుకగా ఇచ్చింది. ఆమె భయం డాక్టరమ్మకు తెలుసు.

"మందులకి లొంగనివి కూడా మంటకి లొంగుతాయి కోళ్లమ్మా. భయమంతా పచ్చిగా ఉన్నప్పుడే. చెయ్యి, కత్తి, మాంసం కోసే పలక జాగ్రత్త. ముక్క లోపల వేడి డెబ్బై అయిదు డిగ్రీలు దాటాక నిశ్చింతగా తినండి."

కూతురు వచ్చేసరికి వంటిల్లు ఆపరేషన్ గదిలా ఉంది. పలకా కత్తీ మరిగే నీళ్లలో మునిగున్నాయి. తల్లి గరిటెతో ఒక్కో ముక్కా పైకి తీసి, మాపకం ముల్లు గుచ్చి, కళ్లు చికిలించి చూస్తోంది.

"అమ్మా, కూరకి జ్వరం చూస్తున్నావా?"

"తొంభై ఉంది."

"పాపం. ఆసుపత్రిలో చేరుద్దామా, తినేద్దామా?"

"ఉండవే. ముందు నేను తింటాను. ఏదన్నా అయితే నాకే అవ్వాలి."

మొదట కార్జం ముక్క నోట్లో పెట్టుకుంది. నమలక్కర్లేకుండానే కరిగిపోయింది. పళ్లు లేని నోటికి ఎంత హాయిగా ఉండేదో అనుకుంది. రెండో ముక్క పరీక్ష కోసం తిన్నది కాదు.

"నాకేదీ?" అంది కూతురు కంచం చాపి.

వడ్డించింది. కూతురు తింటుంటే ఒక్కో ముద్దా లెక్కపెడుతూ కూచుంది. ఏడో ముద్ద దగ్గర లెక్క తప్పింది. తన కంచంలోనూ అన్నం పెట్టుకుంది.

"ఇంత బాగా వండుతావని తెలిస్తే ఎప్పుడో అలిగేదాన్ని" అంది కూతురు వేళ్లు నాక్కుంటూ.

పొద్దువాలక ముందే, మిగిలిన కూర గిన్నెలో సర్దుకుని కూతురు బయల్దేరింది. "తినేముందు కుతకుతా ఉడికించు, మర్చిపోకు" అని వీధి చివరి వరకూ చెబుతూనే తల్లి కూతురి వెంట నడిచింది. ఇద్దరి నవ్వులూ మలుపు తిరిగేదాకా వినిపించాయి.

ఖాళీ ఇంట్లో, బల్ల మీద ఆమె కంచం అంచున, మూలుగదాకా పీల్చేసిన కాలి ఎముక ఒకటి తెల్లగా మెరుస్తోంది.