పూల వ్యాన్‌లో చల్లగాలి

రండర్రా, దగ్గరికి జరగండి. ఆ పిట్టగోడ ఎక్కినవాళ్ళు కిందికి దిగండి, ఆ మూల గుసగుసలు కట్టిపెట్టండి. నోట్లో నములుతున్నది మింగేసి చెవులిటు పారేస్తే, ఏసీ మెకానిక్ మంచుగడ్డ సంగతి చెబుతాను.

మంచుగడ్డ అన్నది వాళ్ళమ్మ పెట్టిన పేరు కాదు, బజారు పెట్టింది. ఆయన చెయ్యి పడ్డ బండిలో డ్రైవర్లు మండుటెండలో ఉన్ని టోపీలు పెట్టుకునేవాళ్ళు. ఒక లారీ ఏసీ బాగుచేస్తే, సాయంత్రానికి డ్రైవరు సీటుకి అతుక్కుపోయి, బిందెడు వేణ్ణీళ్ళు పోస్తే గానీ ఊడిరాలేదు. ఆ బిందె మోసినవాళ్ళు ఇంకా బతికే ఉన్నారు, వెళ్ళి అడుక్కోండి.

అంతటివాడికీ ఒక్క బండి లొంగలేదు. పరాయివాళ్ళదైతే పోనీలే అనుకునేవాడు. అది సొంత అక్కది.

అక్క పూల వ్యాన్ నడుపుతుంది. బావ నడుం విరిగి మంచాన పడ్డాక స్టీరింగ్ తనే పట్టుకుంది. ఇంట్లో పొయ్యి వెలిగేది ఆ వ్యాన్ మీదే. తోటలో పూలెక్కించుకుని మూడు గంటల దూరంలో ఉన్న పూలకొట్టుకి చేర్చాలి. ఏసీ ఆడకపోతే గులాబీలు ఉడికిన ఆకుకూరలా దిగుతాయి. ఆ వేసవిలో అప్పటికే రెండుసార్లు అలా దిగాయి. కొట్టాయన మర్యాదగానే చెప్పాడట, రేపు పన్నెండింటికి బండి చల్లగా తోట దగ్గర నిలబడితే సరే, లేదంటే వేరే బండి సిద్ధంగా ఉంది, నువ్వింక రావక్కర్లేదమ్మా అని.

మర్నాడు పొద్దున్న ఏడింటికే అక్క తమ్ముడి షెడ్డు ముందు బండి ఆపి తాళం అతని చేతిలో పెట్టింది. ఒక్క తిట్టు తిట్టలేదు. అదే మంచుగడ్డ గుండెలో గుచ్చుకుంది.

ఆ వ్యాన్ రోగం వింతది. గ్యాసు ఎక్కడో కారిపోతోంది. మొదట్లో నింపితే నెల నిలిచేది, తర్వాత వారం, ఇప్పుడు పావుగంట. మూడేళ్ళుగా ఆయన వెతకని చోటు లేదు. ముందు కాయిల్ మార్చాడు, వెనక కాయిల్ మార్చాడు, పైపులు మార్చాడు, కంప్రెసర్ మార్చాడు. వీలుంటే అక్కని కూడా మార్చేసేవాడని బజారులో నవ్వుకునేవాళ్ళు.

ఆ రోజూ ఎప్పటిలాగే ఒత్తిడి చూసే గేజీ గొట్టాలు రెండూ గ్యాసు నింపే మొనలకి బిగించి, గ్యాసు పట్టించి, మగ్గులో సబ్బునీళ్ళు గిలకొట్టి అతుకతుకుకీ నురగ పూశాడు. కారే చోట బుడగ లేవాలి. ఎక్కడా లేవలేదు. లోపల చూస్తే చలికి పళ్ళు టకటకలాడుతున్నాయి. గొట్టాలు విప్పి అక్కని పంపించాడు. అక్క నాలుగు వీధులు దాటి, చెమటలు కక్కుకుంటూ తిరిగొచ్చింది. మళ్ళీ గొట్టాలు, మళ్ళీ నురగ, మళ్ళీ చలి. మళ్ళీ పంపించాడు, మళ్ళీ తిరిగొచ్చింది. నా ఎదుట బుద్ధిగా ఉంటుంది, గుమ్మం దాటితే వెధవ్వేషాలు వేస్తుంది అని బండిని తిట్టుకున్నాడు.

ఎదురుగా పంక్చర్ల బాబాయి కొట్టు ముందు కూర్చుని అన్నిటికీ తలూపుతున్నాడు. కారేది ముందు పైపేనంటావా అంటే ఊపాడు. వెనకదేమో అంటే దానికీ ఊపాడు. నాకు చచ్చిపోవాలనుంది బాబాయ్ అంటే ఇంకా ఉత్సాహంగా ఊపాడు.

మూడోసారి అక్క తిరిగొచ్చేసరికి పదకొండున్నర. తోటకి అక్కణ్ణుంచి అరగంట. మంచుగడ్డ చివరిసారిగా గ్యాసు పట్టించి, గొట్టాలు విప్పేసి, ఇంజన్ ముందు గొంతుక్కూర్చున్నాడు. ఈ చేతులు ఇంక ఎందుకనిపించింది. సబ్బు మగ్గెత్తి ఇంజన్ మీదికి విసిరేశాడు.

నురగంతా జారిపోయింది గానీ, గొట్టం విప్పిన మొన మీద మాత్రం ఒక బుడగ లేచింది. కప్ప గొంతులా ఉబ్బింది, పగిలింది, మళ్ళీ ఉబ్బింది.

ఆయన దానిమీద వేలు పెట్టి చూశాడు. మూడేళ్ళుగా వెతికిన ప్రతిసారీ ముందుగా తన గొట్టంతో తనే మూసేస్తున్న చోటు అది. ఆ మొనలకి రెండు చిన్న మూతలుండేవి. మాటిమాటికీ వీటిని తిప్పేదెవరని మొదటి రోజే తీసి రోడ్డు మీదికి గిరాటేశాడు. దుమ్ము చేరి, గ్యాసుని ఆపే లోపలి పిన్ను అరిగిపోయింది.

కొత్త పిన్ను వెయ్యడానికి ఐదు నిమిషాలు పట్టలేదు. కారిన గ్యాసు నింపి తలెత్తేసరికి పన్నెండు. అక్క ఫోను చెవికి ఆనించుకుని ఉంది. వేరే బండి పిలిపించానని చెప్పి అవతల కొట్టాయన పెట్టేశాడు.

"నేనేనక్కా. మూతలు నేనే పారేశాను," అన్నాడు.

అక్క ఖాళీ వ్యాన్‌లోకి చూసింది. ఏసీ గాలికి పాత ఎండు రేకులు లోపల గిరగిరా తిరుగుతున్నాయి.

"వేరేవాడికి చూపించమని మీ బావ మూడేళ్ళుగా మొత్తుకుంటున్నాడు రా. నా తమ్ముడికి తెలియంది ఇంకెవడికి తెలుస్తుందని నేనే వెళ్ళలేదు."

తాళం కూడా అడక్కుండా నడుచుకుంటూ వెళ్ళిపోయింది. మంచుగడ్డ కాళ్ళీడ్చుకుంటూ రోడ్డు దాటాడు. అప్పుడు పారేసిన నల్లమూతలు ఎక్కడైనా చూశావా బాబాయ్ అని నీరసంగా అడిగాడు. పంక్చర్ల బాబాయి తలూపాడు. ఊపిన తలకి, ఆ చెవిలో ఒకటి, ఈ చెవిలో ఒకటి, దుమ్ముకొట్టుకుపోయిన నల్లమూతలు. షెడ్డు మోత పడలేక ఎప్పుడో పెట్టుకుని, తియ్యడం మరిచిపోయాడు.

బాబాయి ముందుకి వంగి అన్నాడు: "కాస్త గట్టిగా చెప్పు నాయనా. మూడేళ్ళ నుంచీ నాకు చెవులు సరిగ్గా వినబడట్లేదు, ఎందుకో మరి."