ఉన్నానోయ్ అన్న గొంతు

ఆ పాట మీరూ వినే ఉంటారు. గిటారు మొదలుకాక ముందు ఒకడు పేర్లు పిలుస్తుంటాడు, ఒక్కొక్కడూ పలుకుతుంటాడు. ఆ పిలిచేవాణ్ణి నేనే, జగ్గారావుని. నాలుగో పేరుకి ‘ఉన్నానోయ్’ అని పలికింది వరహాలు. ఆ మాటే పాటకి పేరైంది.

మల్కాపురం అవతల ఒక తుక్కు యార్డులో మాది పన్నెండు మంది ముఠా. పాత ఓడల ఇనప పలకల్ని గొలుసులతో ఎత్తి లారీలకెక్కిస్తాం. మాకు హాజరు పుస్తకం లేదు. కాంట్రాక్టరు కావాలనే పెట్టలేదు. పేరు రాస్తే ఆ మనిషి ఉన్నాడని ఒప్పుకోవాలి కదా! అందుకని మా హాజరు నోటితోనే. పలక లేపే ముందు నేను పేర్లు పిలవాలి, అందరూ పలకాలి. ఒక్క పలుకు తగ్గినా గొలుసు లాగం. పలకనివాడు దాని కింద ఉన్నాడేమోనని భయం.

మోహనకృష్ణది గాజువాక. వాళ్ళ నాన్న గోదావరి వైపు నుంచి పోర్టు ఉద్యోగానికి వచ్చాడు. ముగ్గురు స్నేహితులు కలిసి ‘చిలుము’ అని బ్యాండు పెట్టారు. అతను పాడతాడు, నీలిమ డ్రమ్స్ వాయిస్తుంది, ఇంకొకడిది గిటారు. కాలేజీల్లో చప్పట్లు పడేవి గానీ బయటికొచ్చాక వాళ్ళ పాట ఒక్కటీ ఎవడికీ గుర్తుండేది కాదు. ఒకరోజు పొద్దున్నే చిన్న రికార్డరు పట్టుకుని మా దగ్గరికొచ్చాడు. మా పిలుపులు రికార్డు చేసుకుంటానన్నాడు.

“ఏటి బావా, నా గొంతు రేడియోలో ఏత్తారేటి?” అన్నాడు వరహాలు.

“నీ గొంతేత్తే రేడియో కాలిపోద్దిరా” అన్నాను.

అందరం నవ్వాం. ఆ మధ్యాహ్నమే గొలుసు తెగింది. పలక వరహాలు మీద పడింది.

సాయంత్రానికల్లా యార్డువాళ్ళు కాగితం తయారుచేశారు. చచ్చినవాడు మా పనివాడు కాడన్నారు. గోడ దూకి రాగితీగ దొంగతనానికి వచ్చాడట, తుక్కు కుప్ప కూలి మీద పడిందట. ఆ రోజు కెమెరాలు పనిచెయ్యలేదట. మేం పదకొండు మందిమీ నోరు నొప్పెట్టేలా చెప్పాం. ఒకే ముఠావాళ్ళు, ఒకరికొకరు అలాగే చెబుతారన్నారు.

వరహాలు భార్య దేముడమ్మ గేటు ముందు టెంటులో కూర్చుంది. నాయకులొచ్చి ఏం కావాలమ్మా అని అడిగితే ఒకటే మాట: “మా ఆయన దొంగ కాడని రాయించండి. ఇంకేటీ వొద్దు నాకు.”

నాలుగో రోజు మోహనకృష్ణ టెంటుకొచ్చాడు, పాటతో. పొద్దుటి పిలుపులు ముందు పెట్టాడు. వాటి వెనక నీలిమ డ్రమ్ము, ఆ తర్వాత గిటారు. వరహాలు పలికేసరికి దేముడమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది. పాట అయ్యాక అతని చెయ్యి పట్టుకుంది.

“ఈ గొంతు తియ్యకు బాబూ. ఆ పొద్దు ఆడు పన్లోనే ఉన్నాడని ఇది సెప్తాది.”

“తియ్యను పిన్నీ. ఒట్టు” అన్నాడు.

ఆ ఒట్టు మాత్రం నిలబెట్టుకున్నాడు. గొంతు తియ్యలేదు.

పాట పేలింది. షేర్ ఆటోల్లో అదే, జిమ్ముల్లో అదే. కొత్త పెళ్ళికొడుకులు పెళ్ళాన్ని ఎత్తుకుని ‘ఉన్నానోయ్’ అంటూ రీళ్ళు తీసుకున్నారు. కాలేజీలో లెక్చరర్ పేరు పిలిస్తే క్లాసంతా వరహాలు గొంతుతో పలికిందట. ఇంటర్నెట్‌లో ఒక పెద్దమనిషి ‘ఉత్తరాంధ్ర మట్టివాసన’ అని రాశాడు. తుక్కు యార్డులో మట్టెక్కడిదిరా నాయనా, అక్కడుండేది తుప్పు! అయినా మాకు సంతోషమే. వరహాలు పనిలో ఉన్నాడని పాట ఊరూరా చెబుతోందనుకున్నాం. వెర్రివాళ్ళం. మోహనకృష్ణ ఆ రోజే నా ఫోన్‌కి పంపిన అసలు రికార్డు కూడా నేనే చెరిపేశాను. పాటే వచ్చేశాక అదెందుకనుకున్నాను, ఫోన్ నిండిపోయి ఫొటోలు పట్టడం లేదు మరి.

ఏడాదికి లేబర్ ఆఫీసులో విచారణకి తారీఖు పడింది. పాట సాక్ష్యం కాదన్నాడు అధికారి, పాటలో ఏమైనా కలపొచ్చు. తారీఖూ టైమూ ఉన్న అసలు రికార్డు తెండి, రికార్డు చేసినవాణ్ణి తెండి అన్నాడు. సరే, ఎంతసేపు! గాజువాకలో వాళ్ళు సాధన చేసే గదికి వెళ్ళాను. మోహనకృష్ణ కుర్చీ వేశాడు, టీ తెప్పించాడు. నా మొహం మాత్రం చూడలేదు.

“ఒక చిక్కుంది బావా. మ్యూజిక్ కంపెనీ వాళ్ళకి కాగితం రాసిచ్చాను. పాటలో గొంతులన్నీ నావేనని.”

“నీవేటి? నా గొంతు కూడా నీదేటి?”

“వేరేవాళ్ళవైతే సంతకాలు కావాలన్నారండి. చనిపోయినోడి సంతకం ఎక్కడ తెస్తాం? మర్నాడే రిలీజు...”

“దేముడమ్మ పెడతాది సంతకం. నాను పెడతాను. ఇప్పుడే ఎల్దాం, లే.”

“ఇప్పుడు మార్చితే అబద్ధం రాసిచ్చాననేగా! పాట తీసేస్తారు, ఆల్బమ్ పోద్ది. నన్ను దొంగంటారు బావా.”

“ఆల్లు వరహాల్ని అన్నదీ అదే కదరా.”

నీలిమ డ్రమ్ముపుల్లలు కింద పెట్టింది. “ఇచ్చెయ్ మోహన్, ఆ ఫైలు” అంది. “నువ్వూరుకో” అన్నాడతను. ఆమె ఊరుకుంది. ఆ అమ్మాయి మీద నాకు ఆశ పుట్టిన మాట నిజం. అది అంతసేపే.

విచారణకి రాడనుకున్నాను. వచ్చాడు. ఇస్త్రీ చొక్కాతో, యార్డు మేనేజరు కారులోంచి దిగాడు. యార్డువాళ్ళే పిలిపించారట. అధికారి అడిగాడు, పాటలో వరహాలు అనే పేరుకి పలికిన గొంతు ఎవరిది?

“నాదేనండి. స్టూడియోలో చేసిందండి, తర్వాత.”

“అబద్ధం!” అని లేచాను. కూర్చోమన్నారు.

“ఏదీ, ఒకసారి పలకండి” అన్నాడు అధికారి.

మోహనకృష్ణ గొంతు సవరించుకుని పలికాడు. ఆ గరగర, ఆఖర్న ఆ సాగదీత, ఏదీ తప్పలేదు. ఏడాదిగా ప్రతి స్టేజి మీదా అదే పలుకుతున్నాడు, ఎందుకు తప్పుతాడు? నా పక్కన దేముడమ్మ దిగ్గున గుమ్మం వైపు తిరిగింది. మొహం వెలిగింది. గుమ్మంలో ఎవరూ లేరు. ఆమె మళ్ళీ ఇటు తిరిగేసరికి అధికారి రాసేసుకున్నాడు: పనిలో ఉన్నట్టు ఆధారం లేదు.

బయట వరండాలో అతను ఆమె దగ్గరికొచ్చాడు. “పిన్నీ, నన్ను అర్థం చేసుకో...”

“బాబూ, ఆడు సచ్చినప్పుడు ఒళ్ళయినా ఇచ్చినారు నాకు” అంది దేముడమ్మ. “నువ్వా గొంతు కూడా మిగల్చనేదు.”

అతను కారెక్కాడు. నా ఫోన్‌లో ఉన్నదాన్ని నేనే చెరిపేశానని అప్పుడు చెప్పాను ఆమెకి. తిట్టలేదు. నా చేతుల వైపు చూసి, బస్సు ఎక్కడ ఆగుతుందని అడిగింది.

మర్నాడు యార్డులో పలక సిద్ధంగా ఉంది. గొలుసు తగిలించారు. నేను పిలవలేదు.

“ఏటి జగ్గారావు, ఎత్తవేటి? లారీ ఆగిపోనాది” అని సూపర్‌వైజరు రమణమూర్తి వచ్చాడు.

“పుస్తకం తే. తారీఖెయ్యి, పేర్లు రాయి, సంతకాలెట్టించు. అప్పుడెత్తుతాం.”

“పిలుపుండగా పుస్తకమెందుకురా?”

“మా గొంతులు ఎవుడివో మాకే తెలీకుండా ఉన్నాయి. రాసి ఇయ్యి.”

నవ్వి, జేబులోంచి ఫోను తీసి ఆ పాట పెట్టాడు. “ఇదిగో, పిలిచేశాడు కదా! లాగండి.”

పదకొండు మందిమీ నేల మీద కూర్చున్నాం. పాట అయిపోయింది. మళ్ళీ పెట్టాడు. మళ్ళీ అయిపోయింది. ఎండ మా మీదకొచ్చింది, గేటు బయట ఇంకో రెండు లారీలు వచ్చి నిలబడ్డాయి. పొద్దుపోయేదాకా ఒక్కడూ లేవలేదు. ఇవాళ మూడో రోజు. పుస్తకం ఇంకా రాలేదు.