పదో పేరు

మా బల్ల దగ్గర ఎవడూ నవ్వకూడదు. ఈ రూలు పెట్టింది నేను కాదు, నాకంటే ముందే ఉంది. సెకండ్ అవెన్యూ మీద జెలిగ్ హోటల్లో వెనక మూల బల్ల మాది. మైకు ముందు ఒంటరిగా నిలబడి జనాన్ని నవ్వించి బతికేవాళ్ళం, ప్రతి మంగళవారం మధ్యాహ్నం అక్కడ చేరతాం. ఒకడు కొత్త జోకు చెబుతాడు. మిగతావాళ్ళు పాస్ట్రామీ మాంసం నములుతూ, మొహంలో ఏ మార్పూ లేకుండా "బావుంది" అంటారు. నచ్చకపోతే అదీ అనరు. వారమంతా ఊళ్ళోవాళ్ళ దగ్గర నవ్వులు అడుక్కునేవాళ్ళం, ఒకళ్ళకొకళ్ళం కూడా దానాలు చేసుకోవాలా?

రెండో రూలు ఇంకా గట్టిది. ఎవడైనా ఒక వేషం మొదలుపెడితే, వాడంతట వాడు ముగించేదాకా మధ్యలో కదిలించకూడదు. విన్స్ డెలూకా ఒకసారి చెవిటివాడి వేషంలో రెండు గంటలు కూర్చున్నాడు. వంటగదిలో మంట లేచి, పొగ కమ్మి, అందరూ కేకలు పెడుతుంటే వాడు వినబడనట్టే సూపు తాగాడు. మేమూ వాడిని లేపకుండా బయటికి పరిగెత్తాం. ఆ సంగతి ఇప్పటికీ గొప్పగా చెప్పుకుంటాం. మా బుద్ధులు అలాంటివి.

ఇక గోడ మీద జాబితా. నా చేత్తో, నల్ల కలంతో, గోడ మీదే రాశాను. నాటకశాలల రోజుల నుంచి టీవీ రోజుల దాకా మా వృత్తిలో పుట్టిన గొప్పవాళ్ళ పేర్లు, వరసగా, ఎవడి తర్వాత ఎవడో తేల్చి. పదిమందికి చోటు. తొమ్మిది పేర్లే ఉన్నాయి. పేరెక్కాలంటే బల్ల దగ్గర అందరూ ఒప్పుకోవాలి. ఒక్కడు కాదంటే కాదు.

పదో చోటు పదకొండేళ్ళుగా ఖాళీ. దానిమీద ఆశ పెట్టుకున్నవాడు హెర్ష్ లబోవ్. ఏటా జనవరి మొదటి మంగళవారం వాడి పేరు ఎవరో ఒకరు ఎత్తేవాళ్ళు. వాడు మర్యాదగా లేచి, కోటు వేసుకుని, బయట చలిలోకి పోయి నిలబడేవాడు. కిటికీ అద్దంలోంచి వాడి వీపు కనబడేది. లోపల విన్స్ సరేననేవాడు, తమారా సరేననేది. నేను కాదనేవాడిని. "వాడికి సొంత గొంతు లేదు. అన్నీ బెన్నీ క్రస్నర్ దగ్గర నేర్చుకున్నవే." అంతే, అక్కడితో సరి. హెర్ష్ లోపలికొచ్చి నా మొహం చూసి, "సర్లే, వచ్చే ఏడు చూద్దాం" అని కుర్చీ లాక్కునేవాడు.

అబద్ధం ఎందుకు, నాకు వాడంటే కుళ్ళు. వయసులో ఉన్నప్పుడు ఇద్దరం కొండల్లోని వేసవి హోటళ్ళలో ఒకే వేదిక మీద ఆడేవాళ్ళం. నా వంతయ్యాక వాడు ఎక్కేవాడు. పది నిమిషాలకి జనం నన్ను మర్చిపోయేవాళ్ళు. ఒకసారి వాడి ఆట అయ్యాక ఒక ముసలావిడ నా చేతిలో ఖాళీ ప్లేటు పెట్టి, "కాస్త కాఫీ పట్టుకురా నాయనా" అంది. గంట కిందట నా జోకులకి కళ్ళనీళ్ళు తుడుచుకున్న మనిషే. వెళ్ళి కాఫీ తెచ్చి ఇచ్చాను. ఏం చేస్తాను?

తొంభై ఏడు ఫిబ్రవరిలో, మంచు కురుస్తున్న ఒక మంగళవారం, మళ్ళీ జాబితా మీద గొడవ లేచింది. లేపింది తమారా బోగ్స్. ముప్ఫై నాలుగేళ్ళు, బల్లకంతా చిన్నది. నోరు మాత్రం మా ముగ్గురి నోళ్ళూ కలిపినంత.

"మొదటి పేరు మార్చాలి," అంది ఉప్పు దోసకాయ కొరుకుతూ. "ఎవడండీ ఈ బెన్నీ క్రస్నర్? చచ్చి ముప్ఫై ఏళ్ళయింది. ఇవాళ తెచ్చి మా క్లబ్బులో నిలబెట్టండి, నాలుగు నిమిషాల్లో జనం లేచి సిగరెట్టుకి పోతారు."

"కళ్ళు పోతాయే," అన్నాడు విన్స్.

"పోనీ. మీ కాలంలో అత్తగారి మీద ఒక్కటి విసిరితే పడిపడి నవ్వేవాళ్ళు. మా కాలంలో గుండె కోసి బల్ల మీద పెడితే గానీ ఎవడూ పళ్ళు చూపించడు. ఏది కష్టం?"

"కోసి బల్ల మీద పెట్టడం జెలిగ్ కూడా చేస్తాడు, రోజూ," అన్నాను. "బెన్నీ ఒక్క కనుబొమ లేపి ఎనిమిది వందల మందిని కుర్చీల్లోంచి దొర్లించేవాడు. నీ తరంలో అలాంటివాడు ఎవడున్నాడో చూపించు."

"చూపిస్తే మాత్రం నీకు కనబడుతుందా తాతా? కంట్లో పొరలు తీయించుకోమని ఎన్నిసార్లు మొత్తుకున్నాను!"

"బావుంది," అన్నాడు విన్స్ నములుతూ.

హెర్ష్ వచ్చినప్పటి నుంచీ మాట్లాడలేదు. నుదురు రుద్దుకుంటూ కూర్చున్నాడు. సూపు ముట్టుకోలేదు, అందులో పిండి ఉండ చల్లారి అలాగే ఉంది. అప్పుడు చెంచా కింద పెట్టాడు.

"దాని తప్పేముంది? అది బెన్నీని చూసిందా? ఆరు వేసవులు వాడికి ముందు నేనాడాను. పెళ్ళి విందు ఎలా చేసేవాడో చూపిస్తాను, ఉండు."

మా చేతులు ఆగిపోయాయి. నా మాట పడలేక హెర్ష్ ఇరవై ఏళ్ళుగా ఎక్కడా బెన్నీ వేషం వేయలేదు. ఆ పెళ్ళి విందు మా వాళ్ళందరికీ కంఠతా వచ్చు. పెళ్ళికొడుకు స్నేహితుడు గ్లాసెత్తి నాలుగు మంచిమాటలు చెప్పాలి. ఏడు వాక్యాలు, వాక్యానికో గుటక మందు. మొదటి వాక్యానికి మహా పెద్దమనిషి. ఏడోదానికి "నాకేం కాలేదు, నేను బాగానే ఉన్నాను" అని కేకు మీద పడి నిద్రపోతాడు. అదీ బెన్నీని జాబితాలో మొదటివాడిని చేసింది.

హెర్ష్ లేచి నిలబడి మంచినీళ్ళ గ్లాసెత్తాడు. మొదటి వాక్యానికే బెన్నీ కనబడ్డాడు. అదే నడుం, అదే గడ్డం. రెండోది, మూడోది. తమారా దోసకాయ కొరకడం మానేసింది.

నాలుగో వాక్యంలో 'పెళ్ళికూతురు' అనబోయి మాట దొరక్క గాల్లో వెతికాడు. నోట్లో ఏదో పెట్టుకున్నట్టు నాలుక మందమైంది. మూతి జారింది, అదీ కుడిపక్క మాత్రమే. బెన్నీకి రెండు పెదాలూ కలిసి జారేవి. ఒక్క పక్కే జార్చడం ఎంత బాగుంది, వాడికి ఈ ఆలోచన రాలేదే అనుకున్నాను. నిజం, అలాగే అనుకున్నాను. ఆ తర్వాత గ్లాసు కుడిచేతిలోంచి జారి దోసకాయల గిన్నెలో పడింది. హెర్ష్ దానివైపు చూడనైనా లేదు.

తమారా నవ్వింది. నోరు మూసుకోవాలని చూసి, ఆగక, బల్ల మీద గుద్దుతూ నవ్వింది. తర్వాత విన్స్. ఆ తర్వాత నేను.

వడ్డించే ఎస్పరాంజా తువ్వాలు పట్టుకుని వచ్చింది. మాకు ఇరవై ఏళ్ళుగా వడ్డిస్తున్న మనిషి. హెర్ష్ మొహం చూసి ఆగిపోయింది.

"ఏమయ్యా మెల్, ఇతనికి ఒంట్లో బాలేదు."

"ష్! అవతలికి పో. పనిలో ఉన్నాడు."

"ఆ మూతి చూడయ్యా! మా నాన్నకి ఇలాగే అయింది."

"చూస్తున్నానమ్మా. అద్భుతంగా ఉంది. నువ్వు అడ్డం లే."

ఆమె వెనక్కి తగ్గింది. ఇన్నేళ్ళుగా మా పిచ్చి వేషాలన్నీ చూసింది కదా, అందుకని నా మాట నమ్మింది.

హెర్ష్ బల్ల అంచు పట్టుకున్నాడు. నావైపే చూశాడు. "మెల్," అన్నాడు. "నాకు... బాలేదు. మిరియమ్‌ని పిలవండి."

మిరియమ్ వాడి భార్య. బెన్నీ "నాకేం కాలేదు" అన్నచోట వీడు "నాకు బాలేదు" అన్నాడు. దానిమీద పెళ్ళాన్ని కూడా పిలిచాడు! ముప్ఫై ఏళ్ళుగా ఎవడూ చెయ్యి పెట్టడానికి సాహసించని ముగింపుని తిరగేశాడు. నాకు ఊపిరాడనంత నవ్వొచ్చింది. కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాను. మళ్ళీ పెట్టుకునేసరికి హెర్ష్ కూలబడి, బల్ల మీద తల వాల్చి కళ్ళు మూసుకుని ఉన్నాడు.

"కేకు," అన్నాడు విన్స్ గుసగుసగా. "కేకు మీద నిద్ర. కదపకండి."

మేం కదపలేదు. వాడి తల పక్కనే మోచేతులు పెట్టుకుని వాదించుకున్నాం.

"నేను ఓడిపోయాను," అంది తమారా. "మొదటి పేరు కొట్టేసి ఈయన్ని పెట్టండి."

"మొదటిది కాదు," అన్నాడు విన్స్. "అయిదు. అయిదుకంటే ఒక్క మెట్టు ఎక్కనివ్వను. ఇంకొకడి వేషం కదా."

"ఇంకొకడిదేంటి? ముగింపు ఎవడిది? ఆ మూతి ఎవడిది?"

"మెల్ సంగతేంటి ముందు? వీడు ఒప్పుకుంటేగా!"

ఇద్దరూ నావైపు చూశారు. నాలో ఏదో కరిగింది. కుళ్ళే అనుకుంటాను. ఇలాంటివాడిని పదకొండేళ్ళు ఎలా కాదన్నాను అని సిగ్గేసింది. "ఒప్పుకున్నాను," అన్నాను. "కానీ బయటికి పోకుండా పేరెక్కినవాడు వీడొక్కడే." దానికీ నవ్వారు. కలం తీసుకుని, కుర్చీ గోడకి జరిపి ఎక్కాను. ఖాళీగా ఉన్న పదో చోట 'హెర్ష్ లబోవ్' అని పెద్ద అక్షరాలతో రాశాను.

"ఒరేయ్, ఇక లే. రాసేశాను."

లేవలేదు. ఎంత పట్టుదల అనుకున్నాం. "లబోవ్ గారూ, కేకు ఎండిపోతోంది," అంది తమారా. అప్పుడు తలుపు తోసుకుని ఇద్దరు అంబులెన్సువాళ్ళు మంచు బూట్లతో లోపలికొచ్చారు. వెనక ఎస్పరాంజా, ఏడుస్తూ. ఆగి ఆగి, ఇక మనసొప్పక ఫోన్ చేసింది. వాళ్ళలో పొడుగువాడు హెర్ష్ కనురెప్ప ఎత్తి చూసి, కుర్చీ మీదున్న నన్ను చూసి, "వీళ్ళెందుకు నవ్వుతున్నారు?" అని ఆమెని అడిగాడు.

ఆసుపత్రిలో డాక్టరమ్మ, "ఎప్పుడు మొదలైంది?" అంది. పన్నెండూ అయిదుకి, నాలుగో వాక్యంలో. "తీసుకొచ్చింది పన్నెండూ యాభైకి. ఈలోగా?" మెదడులో రక్తనాళం చిట్లిందని చెప్పింది. వెంటనే తెచ్చి ఉంటే బతికేవాడా అని విన్స్ అడిగాడు. "బతికేవాడేమో. చెప్పలేను," అంది. ఆ 'ఏమో' నన్ను ఇవాళ్టికీ తింటోంది. హెర్ష్ గురువారం పొద్దున్న పోయాడు. మళ్ళీ నోరు తెరవలేదు.

ఏడు రోజుల మైల తీరాక, ఆ వచ్చిన మంగళవారం, మిరియమ్ జెలిగ్ హోటలుకి వచ్చింది. విన్స్, తమారా లేచి పక్క బల్లకి పోయారు. ఆవిడ హెర్ష్ కుర్చీలో కూర్చుంది. కోటు విప్పలేదు.

"నాకు చుట్టూ తిప్పి చెప్పకు మెల్. నన్ను పిలిచాడా?"

"పిలిచాడు."

"మీరేం చేశారు?"

అబద్ధం నోటిదాకా వచ్చింది. "నవ్వాం," అన్నాను.

"నువ్వూనా?"

"అందరికంటే గట్టిగా."

ఆవిడ గోడవైపు చూసింది. "అది ఎప్పుడు రాశావు?"

"తల వాల్చాక."

"అంటే తన పేరు చూసుకోలేదు." గోడ మీంచి చూపు తిప్పింది. "ప్రతి జనవరిలో ఇంటికొచ్చి కోటు తగిలించేవాడు. ఆ తగిలించే తీరు చూసి ఇంక అడిగేదాన్ని కాదు."

"మిరియమ్, వాడు ఎప్పుడో ఎక్కాల్సినవాడు. నేనే. కుళ్ళుతో అడ్డం పడ్డాను. నీకు చెప్పాలి కదా."

"నాకు తెలియదా? తనకి తెలియదా? నేను నిన్ను తిడుతుంటే తనే ఆపేవాడు. 'మెల్‌ని ఏమనకే, కాదనడం తప్ప వాడికి ఇంకేం మిగిలింది పాపం' అనేవాడు."

చెంప మీద కొట్టినా అంత నొప్పి ఉండేది కాదు. "చెరిపేస్తాను," అన్నాను. "ఇప్పుడే చెరిపేస్తాను. ఆ నవ్వు వాడు అడిగిన నవ్వు కాదు."

"ఉండనీ. తను సంపాదించుకున్నదే, మీరు ఆలస్యంగా ఇచ్చారు." చేతిసంచి ఒళ్ళోకి లాక్కుంది. "నాకు ఇంకొకటి కావాలి. నువ్వు ఎవరి గొంతైనా పలికిస్తావు కదా. తను నన్నెలా పిలిచాడో వినిపించు."

"అది నావల్ల కాదు."

"నేను అక్కడ లేను మెల్. మీరున్నారు. వినిపించు."

కళ్ళద్దాలు తీసి బల్ల మీద పెట్టాను. కుడి పెదవి వదిలేశాను. కుడిచెయ్యి వదిలేశాను. నాలుకని మందం చేసుకుని, బల్ల అంచు పట్టుకుని, హెర్ష్ గొంతుతో, "నాకు... బాలేదు. మిరియమ్‌ని పిలవండి," అన్నాను.

ఆవిడ లేచి, బల్ల చుట్టూ తిరిగి వచ్చి, వేలాడుతున్న నా కుడిచేతిని రెండు చేతుల్లోకి తీసుకుంది.

"వచ్చాను హెర్ష్," అంది. "ఇదిగో, వచ్చేశాను."