పేస్టు చుక్కల కుట్టుమిషను

బోర్డాయన చేతులు వణకడం మొదలుపెట్టి ఆరు నెలలైంది. అంతకుముందు పదహారేళ్ళు ఆయన ఫ్యాక్టరీలో కూర్చుని, కరెంటు కాటాల లోపల ఉండే ఆకుపచ్చ బోర్డుల మీద సోల్డరు పేస్టు చుక్కలు పెట్టాడు. బూడిదరంగులో, వెన్నకన్నా కాస్త గట్టిగా ఉంటుంది ఆ పేస్టు. ఆవగింజలో సగమంత చుక్క పెట్టి, దానిమీద చిన్న చిన్న భాగాలు కూర్చోబెట్టి వేడిచేస్తే అతుక్కుపోతాయి. చుక్క ఎక్కువైతే ఆ భాగాల పక్కపక్క కాళ్ళు కలిసిపోయి బోర్డు చస్తుంది, తక్కువైతే ముక్క ఊడిపోతుంది. ఆ పనిలో చేయి తిరిగిన మనిషి ఆయన. చేయి వణకగానే ఇంటికి పంపేశారు.

వేరే పని చూసుకోవచ్చుగా అని సలహా ఇచ్చేవాళ్ళకేం, నోరుంది కాబట్టి ఇచ్చారు. ఆయనకి ఇంకో పని రాదు, వచ్చినా వద్దు. ఆ చుక్కలంటే ప్రాణం. అందుకే కాళ్ళరిగేలా సూపర్‌వైజరు చుట్టూ తిరిగి ఒక్క అవకాశం సంపాదించాడు.

"ఇంట్లోనే ఏదో ఒకటి తయారుచేసుకోండి. సోమవారం పదింటికి నేనే వచ్చి చూస్తా. చుక్కలు బాగుంటే బోర్డులు మీ ఇంటికే పంపిస్తా. కానీ మీ చెయ్యి బోర్డుకీ పేస్టుకీ తగలకూడదు. బాగాలేకపోతే ఇంక నన్ను అడగొద్దు," అన్నాడు సూపర్‌వైజరు.

బోర్డాయన భార్య టైలరు. ముందుగదిలో ఆమె కుట్టుమిషను, పక్కనే మంచం మీద ఆమె తల్లి. ఆ అత్తగారు పూటకోసారి బీపీ చూసుకుని, ముల్లు ఎక్కడుందో ఇంటిల్లిపాదికీ చెప్పి, ఆ తర్వాతే కాఫీ తాగుతుంది. బోర్డాయన రెండు రోజులు ఆ గదంతా కళ్ళతో కొలిచాడు. మూడోరోజు భార్య ఊళ్ళోకి వెళ్ళొచ్చేసరికి కుట్టుమిషనుకి సూది లేదు, సూది ఉండాల్సినచోట ఇంజెక్షను సిరంజి వేలాడుతోంది, సిరంజి నెత్తి నుంచి ఒక గొట్టం అత్తగారి బీపీ మిషనుకి వెళ్ళింది.

"ఏవండీ, రేపు నాలుగు జాకెట్లు ఇవ్వాలి," అంది భార్య.

"సోమవారం దాకా ఆగమను."

"జాకెట్లు ఆగుతాయి. వేసుకునేవాళ్ళు ఆగుతారా?"

తిట్టింది గానీ, మిషను ముందు కూర్చుంది. పని ఎలాగంటే, ఆమె గుడ్డని జరిపినట్టు బోర్డుని జరిపి చక్రం ఒక్కచుట్టు తిప్పాలి. సిరంజి దిగగానే అత్తగారు రబ్బరు బుడ్డ నొక్కాలి. ముల్లు నూట ఇరవై చూపించగానే ఒక చుక్క పడాలి. బోర్డాయన మిషను నెత్తిన చెయ్యి వేసి, భూతద్దంలోంచి చూస్తూ నిలబడ్డాడు. చుక్క పడింది. నూరు చుక్కలు పడ్డాయి, అన్నీ ఒక తల్లి పిల్లల్లా ఉన్నాయి.

"నూట ఇరవై. మీ పేస్టుకి నాకన్నా ఆరోగ్యం బాగుంది అల్లుడుగారూ," అంది అత్తగారు. ఆమె మాటలో కాస్త కుళ్ళు ఉంది.

సోమవారం పదింటికి సూపర్‌వైజరు వచ్చాడు. కుట్టుమిషనునీ, టైలరునీ, బుడ్డ పట్టుకున్న ముసలావిడనీ చూసి గుమ్మంలోనే ఆగిపోయాడు. బోర్డాయన మాత్రం గర్వంతో పొంగిపోతూ, తన చెయ్యి దేనికీ తగలట్లేదని చూపించడానికి రెండు చేతులూ వెనక్కి కట్టుకుని మూడడుగులు దూరంగా నిలబడ్డాడు. అక్కడే కొంప మునిగింది.

భార్య చక్రం తిప్పింది, అత్తగారు బుడ్డ నొక్కింది. చుక్క పడలేదు. మళ్ళీ తిప్పింది, మళ్ళీ నొక్కింది. ముల్లు నూట నలభైకి వెళ్ళింది.

"అల్లుడుగారూ, నూట అరవై," అంది అత్తగారు. కాసేపాగి, "నూట ఎనభై. ఎవరైనా డాక్టర్ని పిలవండి," అంది.

బోర్డాయన పదహారేళ్ళ పని ఆ సూది మొనలో ఇరుక్కుపోయి ఉంది. ఒళ్ళంతా వణుకు పుట్టి, కాళ్ళు నిలవక, పడిపోకుండా మిషను నెత్తిన చెయ్యి వేశాడు. టపీమని చుక్క పడింది. ఇంకోటి పడింది. వరసగా పడుతూనే ఉన్నాయి, కొలిచి పెట్టినట్టు.

"చెయ్యి తియ్యండి," అన్నాడు సూపర్‌వైజరు. తీశాడు. ఆగిపోయింది. "పెట్టండి." పెట్టాడు. పడింది.

ఆ పేస్టు గుణమే అంత. కదలకుండా ఉంటే బిగుసుకుపోతుంది, సన్నగా అదిరితే జారుతుంది. పదహారేళ్ళు దాంతో కాపురం చేసిన మనిషికి ఆ సంగతి తట్టనే లేదు, ఆయన తన వణుకుని తిట్టుకోవడంలో ఉన్నాడు. సూపర్‌వైజరు తన చెయ్యి పెట్టి చూశాడు. ఏమీ రాలేదు. చేతిని కావాలని వణికించాడు, పేస్టు బోర్డంతా చిమ్మింది. ఫోను వణికే పద్ధతిలో పెట్టి మిషను మీద ఉంచి, టైలరు చేత రింగిప్పించాడు. పేడముద్దలా పడింది. బోర్డాయన చెయ్యి పెడితే మాత్రం ఆవగింజలో సగం, అన్నీ సగమే.

"బోర్డుకీ పేస్టుకీ తగలకూడదన్నాను. మిషనుకి తగలకూడదని అనలేదు," అన్నాడు సూపర్‌వైజరు. సంచీలోంచి ఆర్డరు కాగితం తీశాడు. బోర్డాయనకి సంతోషంతో కళ్ళు నీళ్ళతో నిండిపోయాయి.

"ఈ వణుకుకి మందులేమైనా వాడుతున్నారా?" అని అడిగాడు సూపర్‌వైజరు.

"వాడుతున్నారండీ. పూటకో మాత్ర. నేనే దగ్గరుండి వేయిస్తున్నా," అంది భార్య.

"ఎన్నాళ్ళలో తగ్గుతుందన్నారు?"

"రెండు నెలలన్నారు."

"అయితే ఆర్డరు రెండు నెలలకే రాస్తాను. తగ్గకపోతే పొడిగిద్దాం," అని సూపర్‌వైజరు సంతకం పెట్టి, మొదటి విడత బోర్డులు అక్కడే దింపించి, అత్తగారికి నమస్కారం చేసి వెళ్ళిపోయాడు.

మధ్యాహ్నం భోజనం కాగానే, ఎప్పటిలాగే భార్య మాత్రా నీళ్ళూ తెచ్చి ముందు నిలబడింది. బోర్డాయన మాత్ర వంకా, ఆమె మొహం వంకా చూశాడు. ఆమె అక్కణ్ణించి కదల్లేదు. ఆయన మింగేశాడు. ఇన్ని రోజుల్లో మొదటిసారి, ఇది నిజంగా పనిచేస్తుందేమోనని భయం పట్టుకుంది. ఆ భయంతోనే వెళ్ళి మిషను నెత్తిన చెయ్యి వేశాడు. చెయ్యి ఎన్నడూ లేనంత బాగా వణికింది. సాయంత్రానికి నలభై బోర్డులు అయిపోయాయి.