నాగపూర్ బరువు

పొద్దున్నే వాకిలి చల్లి, దేవుడికి దీపం పెట్టి, సాలవ్వ మట్టిబొమ్మను తన పాతచీరలో చుట్టింది. నెత్తిన బోనం, ముందుకు చాచిన ఒడి. మూరెడు అమ్మవారు. మన్ను తొక్కి, చక్రం తిప్పి చేసింది సాలవ్వ. రంగులద్దింది కోడలు వనజ. నాగపూర్‌లో ఎవరో కొత్తింటికని అడిగారు. క్షేమంగా చేరితే ఇంకొన్ని కొంటామన్నారు. చేరకపోతే చక్రం మూలకు పెట్టి, అత్తాకోడళ్లు బీడీలు చుట్టే చాట ముందు కూర్చోవలసిందే.

కుమ్మరి ఇండ్లలో బొమ్మలకూ ఆడపిల్లలకూ ఒకటే గుణం. పుట్టిల్లు దూరమైనకొద్దీ బరువెక్కుతారు. అందుకే తల్లి ఒడిబియ్యం పోసి సాగనంపుతుంది. ఆ బియ్యం తోడున్నన్నాళ్లూ పిల్ల తేలిగ్గా తిరుగుతుంది.

ఎల్లారెడ్డిలో వనజ బొమ్మను ఒంటిచేత్తో రాజన్న ఆటోలో పెట్టింది. పక్కన సాలవ్వ కూర్చుంది. లింగంపేట దాటాక రాజన్న వెనక్కి చూశాడు.

“వదినా, బొమ్మకు గూడ ఒక సీటు కిరాయి ఇయ్యాలె. టైరు కూసుంటున్నది.”

“ఊకె తీస్కపోత అంటివి గదా రాజన్నా!”

“అప్పుడు బొమ్మ ఇంట్లుండె గద.”

కామారెడ్డి పార్సిల్ ఆఫీసులో దాన్ని దించడానికి ఇద్దరు పట్టారు. గుమాస్తా ప్రభుదాసు కాంటా వంక చూడనే లేదు.

“కుమ్మరోళ్ల బొమ్మనా? అయితే ఈడి బరువు కాదమ్మా, నాగపూర్ బరువుకు కట్టాలె. పగిలేది గాబట్టి చెక్కపెట్టె ఖర్చు వేరే.”

బొమ్మ ధర కన్నా దాన్ని మోసే ధరే ఎక్కువ. వనజ చేతులు జోడించింది.

“జర తగ్గియ్యి సారూ. కొత్తింటి ముహూర్తానికి అందాలె.”

“నేను తగ్గిస్తే బరువు తగ్గుతదా? బండి ఇప్పుడే పోతది. రేపటిదైతే మీ ముహూర్తానికి అందది.”

సాలవ్వ బొమ్మ ఒడి వైపు చూసి నాలుక కరుచుకుంది. “ఉత్త ఒడితోని తోలుకొచ్చినమే వనజా! అమ్మే సరుకే గదా అనుకుంటిమి.”

“దుకాణంల బియ్యం తెస్తనత్తా.”

“కొన్నయి ఒడిబియ్యమెట్లయితయే పిచ్చిదానా? తల్లి దగ్గరియి కావాలె.”

సాలవ్వ కొంగు ముడి విప్పింది. పిడికెడు పాత పసుపు బియ్యం. దోమకొండ పుట్టింట్లో తల్లి చివరిసారి పోసినప్పుడు మిగతావి వండుకుని, ఇవి దాచుకుంది. ఇప్పుడు అక్కడ పోసేవాళ్లు లేరు.

“వద్దత్తా, అవి నీయి.”

“నేనింకెక్కడికి పోయేదున్నది?” అని సాలవ్వ ఆ బియ్యం బొమ్మ ఒడిలో పోసింది. “చల్లంగ పోయిరా తల్లీ.”

ప్రభుదాసు బొమ్మను ఒంటిచేత్తో ఎత్తి, మామూలు ధరకే రసీదు రాసిచ్చాడు.

తిరుగు దారిలో లింగంపేట దగ్గర రాజన్న ఆటో ఆపాడు. “వదినా, ఇంకో సీటు...”

“బొమ్మ పాయె గదా!” అని నవ్వబోయి, వనజ పక్కకు చూసింది. అత్త కింద సీటు కుంగిపోయి ఉంది. సాలవ్వ ఖాళీ కొంగును గుప్పిట్లో పట్టుకుని కూర్చుంది.

ఇంటి ముందు నలుగురు పట్టినా ఆమెను దించలేకపోయారు. వనజ లోపలికి పరుగెత్తి చాటలో బియ్యం తెచ్చింది.

“నువ్వు పోస్తే కాదు బిడ్డా. పుట్టింటోళ్లు పోయాలె.”

వనజ చాట పక్కన పెట్టి ఆటో ఎక్కింది. రాజన్న ఆటోను దోమకొండ దిక్కు తిప్పాడు. దారి పొడుగునా సీటు కొంచెం కొంచెం లేస్తూ వచ్చింది. ఊరి పొలిమేరలో సాలవ్వ చిన్నపిల్లలా దిగింది. మళ్లీ ఎక్కలేదు.

వారానికి నాగపూర్ నుంచి ఫోను వచ్చింది. అమ్మవారు క్షేమంగా చేరిందట. అటువంటివే ఇంకొన్ని కావాలట.

వనజ చక్రం ముందు కూర్చుంది. ఆమెకు వచ్చింది రంగులద్దడమే.